రామగిరి పటం

పాఠ్యభాగ సందర్భం

దేశపటం చాలాకాలం పాటు ప్రభుత్వ కార్యాలయాల బీరువాలకే పరిమితమై ఉండేది. ఇరవయ్యొకటవ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాలలో అది క్రమక్రమంగా అంతర్జాలం ద్వారా సామాన్య పౌరునికి అందుబాటులోకి వచ్చింది. ఈ పరిణామాన్ని పెద్దపల్లి జిల్లాలోని రామగిరి, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతం ఆధారంగా పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కాళిదాస మహాకవి రచించిన మేఘసందేశంలో యక్షుడొకడు శాపవశాన భార్యకు దూరమై రామగిరి ఆశ్రమాలలో ఏడాది కాలం గడపవలసి వస్తుంది. ఆషాఢమాసారంభంలో కొండను ఆనుకొని కనిపించిన మేఘాన్ని దూతగా భావించి, అలకాపురికి పోయే దారిని అతడు దానికి వివరిస్తాడు. ఆమ్రకూట పర్వతం, వింధ్యపాదాన చీలి ప్రవహించే రేవానది, వేత్రవతీ తీరాన విదిశ, శిప్రాతీరాన ఉజ్జయిని, చర్మణ్వతి, కురుక్షేత్రం, గంగ దిగివచ్చే కనఖలం, చివరకు కైలాసం - ఈ వరుసలో ఆ మార్గం సాగుతుంది. ఉత్తరానికి పోయే మేఘానికి ఉజ్జయిని మీదుగా వెళ్తే దారి వంకర అవుతుందని యక్షుడికి తెలుసు. అయినా ఆ నగరాన్ని చూడకుండా పోవద్దని హెచ్చరిస్తాడు. ఏ సర్వే శాఖ కూడా తన పటంలో ఇటువంటి సలహాను ముద్రించదు. ఆ ఒక్క విషయం తప్పిస్తే, పూర్వమేఘం మాటలతో గీసిన మానచిత్రమే.

అయితే ఆ రామగిరి ఏది? పెద్దపల్లి నుంచి మంథనికి వెళ్ళే దారిలో బేగంపేట గ్రామ సమీపాన అడవి కప్పిన గుట్టల వరుస ఒకటి ఉంది. దాని మీద కాకతీయుల కాలాన్నీ, కుతుబ్‌షాహీల కాలాన్నీ చూసిన ప్రాచీన దుర్గం నిలిచి ఉంది. దానిని రామగిరి ఖిల్లా అంటారు. పేరును బట్టి యక్షుని రామగిరి ఇదేనని ఈ ప్రాంతంలో చెప్పుకొనేవారున్నారు. పండితులలో అధికులు మాత్రం నాగపురానికి సమీపంలోని రాంటెక్ కొండనే కాళిదాసు చెప్పిన రామగిరిగా గుర్తిస్తారు. పూర్వపు అనంతపురం జిల్లాలో బంగారు గనులకు పేరుపొందిన రామగిరి మరొకటి ఉంది. నల్లగొండ పట్టణంలోనూ రామగిరి అనే పేట ఉంది. రాముని పేరు పెట్టుకోని కొండ తెలుగు నేలలో అరుదు. పేరు ఒక్కటే ఆధారమైతే ఏ మేఘమైనా దారి తప్పక మానదు. అందువల్లనే ఆధునిక పటశాస్త్రం పేరుకు ముందు అంకెను చూస్తుంది.

భూమి మీది ప్రతి స్థలానికీ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటాయి. ఆ రెండు అంకెలు కలిసి మరొక స్థలానికి ఉండవు. వీటి ఆధారంగా సర్వే ఆఫ్ ఇండియా సంస్థ దేశాన్ని గళ్ళుగా విభజించి, గడికొక పటం చొప్పున రూపొందించింది. నాలుగు డిగ్రీల అక్షాంశం, నాలుగు డిగ్రీల రేఖాంశం గల పెద్ద గడికి ఒక సంఖ్య ఉంటుంది. తెలంగాణలో అధికభాగం 56వ సంఖ్య గల గడిలోకి వస్తుంది. ఆ గడిని డిగ్రీకొకటి చొప్పున పదహారు భాగాలు చేసి, ఆంగ్లవర్ణమాలలోని మొదటి పదహారు అక్షరాలను వాటికి పెట్టారు. ఒక్కొక్క అక్షరపు గడిని మళ్ళీ పదిహేను నిమిషాల కొలతతో పదహారు గళ్ళు చేశారు. ఈ లెక్కన రామగిరి ఖిల్లా, మంథని పట్టణం 56 ఎన్/10 అనే పటంలో ఉంటాయి. స్థలాకృతి పటం అనేది దీనినే. సర్వేయర్ల వాడుకలో ఇది 'టోపోషీటు'. దీని ప్రమాణం యాభైవేలకు ఒకటి, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. రమారమి 53 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు గల ఒక్క పటంలో ఏడువందల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల ఇమిడిపోతుంది. కొండల ఎత్తులను కాంటూరు రేఖలు, నీటిని నీలి రంగు, అడవిని ఆకుపచ్చ, కాలిబాటను చుక్కల గీత సూచిస్తాయి.

ఇక్కడొక చిత్రం గమనించదగినది. 79 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశమూ, 18 డిగ్రీల 45 నిమిషాల అక్షాంశమూ కలుసుకొనే బిందువు గోదావరిఖని పరిసరాలలోనే పడుతుంది. అంటే నాలుగు పటాల మూలలు బొగ్గుగనుల నడుమ కలుస్తాయి. మంచిర్యాల ఒక పటంలో, జైపూర్ మరొక పటంలో, పెద్దపల్లి ఇంకొక పటంలో, రామగిరి నాలుగవ పటంలో చేరాయి. ఈ ప్రాంతాన్ని ఒక్క చూపులో చూడదలచిన వ్యక్తి ఒకప్పుడు నాలుగు కాగితాలు కొని, అంచులు కత్తిరించి, ఒకదానికొకటి అతికించుకోవలసి వచ్చేది. ఆ కాగితాలను సంపాదించడం కూడా అంత తేలిక కాదు.

సర్వే ఆఫ్ ఇండియా పుట్టినది 1767లో, ఈస్టిండియా కంపెనీ అవసరాల కోసం. పన్ను వసూలు చేయాలన్నా, సైన్యాన్ని నడిపించాలన్నా నేల కొలత తెలియాలి. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. మహాత్రికోణమితి సర్వే అని ప్రసిద్ధి పొందిన పని అది. అర టన్ను బరువు గల థియోడొలైట్ యంత్రాన్ని కొండల మీదికీ, గుడి గోపురాల మీదికీ ఎక్కించి, దూరాన కనిపించే శిఖరాల మధ్య కోణాలను కొలుస్తూ ఆ బృందం ఉత్తరానికి సాగింది. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరాడు. మరుసటి ఏడు అతనికి అప్పగించినది కృష్ణా గోదావరుల నడుమ గల అడవుల సర్వే. వర్షాకాలంలో ఆ అడవులలో ఎవరెస్టుకూ, అతని పరివారానికీ చలిజ్వరం సోకింది. పని మధ్యలోనే ఆగిపోయింది. ఆరోగ్యం కుదుటపడడానికి అతడు 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రానికి వెళ్ళవలసి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి అతని పేరు పెట్టారని అందరికీ తెలుసు. ఆ పేరు గల మనిషిని గోదావరీ ప్రాంతపు దోమ పడగొట్టిందన్న సంగతి తెలిసినవారు తక్కువ. పల్లకీలు మోసినవారు, చెట్లు నరికి చూపుకు దారి చేసినవారు, కొండ మీద జెండాలు పట్టుకొని నిలబడినవారు ఎందరు ఆ జ్వరాలకు బలి అయ్యారో ఏ పటమూ చెప్పదు.

కొండలను కొలిచినవారి తరువాత నేల లోతులను వెదికేవారు వచ్చారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. దాని ఫలితంగా 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ప్రాణహిత, గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఈ బొగ్గుపొరల మీదనే 1960 ప్రాంతంలో గోదావరిఖని గనులు వెలిశాయి. అంతకుముందు వ్యవసాయం తప్ప మరొకటి ఎరుగని పల్లెల మధ్య బొగ్గుబాయిలు, వాటి చుట్టూ కార్మికుల వాడలు, తరువాత ఉష్ణవిద్యుత్కేంద్రం, ఎరువుల కర్మాగారం వచ్చాయి. ఈ మార్పులన్నింటికీ ముందు ఎక్కడో ఒక బల్ల మీద ఒక పటం పరచి ఉంటుంది. ఆ పటాన్ని చూసినవారు నిర్ణయించారు. దానిలో ఎవరి ఊరున్నదో వారు మాత్రం చూడలేదు.

స్వాతంత్ర్యానంతరం కూడా పటం విషయంలో ప్రభుత్వ దృష్టి పెద్దగా మారలేదు. యుద్ధాల అనుభవం దానికి ఒక కారణం. దేశ సరిహద్దుల నుంచీ, సముద్రతీరం నుంచీ సుమారు 80 కిలోమీటర్ల వెడల్పు గల ప్రాంతపు పటాలను నిషిద్ధ శ్రేణిలో ఉంచారు. రామగిరి వంటి లోపలి ప్రాంతాల పటాలు అమ్మకానికి ఉన్నప్పటికీ వాటి కోసం హైదరాబాదు వంటి నగరాలలోని సర్వే కార్యాలయాలకు వెళ్ళవలసి వచ్చేది. సంఖ్య తెలిసి ఉండాలి, ప్రతి ఉండాలి, రుసుము చెల్లించాలి. పరిశోధకులు, ఇంజనీర్లు తప్ప ఈ శ్రమకు ఓర్చుకొన్నవారు లేరు. తన ఊరి పటం ఒకటున్నదని కూడా పల్లెలోని రైతుకు తెలియదు.

2005 మే నెలలో వెలువడిన జాతీయ పటవిధానం ఈ స్థితిని కొంత మార్చింది. రక్షణ అవసరాలకు ఒక శ్రేణి, పౌరుల వినియోగానికి మరొక శ్రేణి అని పటాలను రెండుగా విభజించింది. రెండవదానికి సార్వజనిక శ్రేణి అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వీటికి కొత్త సంఖ్యలు వచ్చాయి. 56 ఎన్/10 పటం కొత్త శ్రేణిలో ఇ44 హెచ్10 అయింది. రక్షణశాఖ ఒక్కమారు అనుమతించిన తరువాత ఈ పటాలపై ఆంక్షలు ఉండవు. ఆ సంవత్సరమే గూగుల్ ఎర్త్ కూడా వచ్చింది. అమెరికా సంస్థ ఒకటి అంతరిక్షం నుంచి తీసిన చిత్రాలను ఉచితంగా కంప్యూటర్ తెరపై చూపడంతో అనేక దేశాలు ఉలిక్కిపడ్డాయి. 2005 అక్టోబరులో హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ప్రసంగిస్తూ అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీని వల్ల భద్రతకు కలగగల ముప్పును ప్రస్తావించారు. ఆ ఆందోళన నిరాధారమైనది కాదు. కానీ ఒక వింత స్థితి మాత్రం ఏర్పడింది. సొంత ప్రభుత్వం గీసిన పటం పౌరునికి అందడం లేదు. విదేశీ సంస్థ చూపే చిత్రం వీధి చివరి ఇంటర్నెట్ కేంద్రంలో దొరుకుతున్నది.

దీనికి భారతదేశపు సమాధానం హైదరాబాదు నుంచే వచ్చింది. నగరంలోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇస్రో అంగాలలో ఒకటి. 1988లో తొలి భారతీయ దూరసంవేదన ఉపగ్రహం ప్రయోగించినప్పటి నుంచీ మన ఉపగ్రహాలు పంపే చిత్రాలను షాద్‌నగర్‌లోని భూకేంద్రం అందుకొంటున్నది. ఈ చిత్రాల ఆధారంగా 2009 ఆగస్టు 12న 'భువన్' అనే అంతర్జాల వేదికను ప్రారంభించారు. పేరు చక్కగా కుదిరింది. భువనమంటే లోకం. 24 మీటర్ల స్పష్టత గల చిత్రాలను, కార్టోశాట్-1 ఉపగ్రహం తీసిన జంటచిత్రాల నుంచి రూపొందించిన భూమి ఎత్తుల నమూనాను దీనిలో ఎవరైనా ఉచితంగా దింపుకొనే ఏర్పాటు జరిగింది. ఏ నేల పంటభూమి, ఏది బీడు, ఏది అడవి అనే వివరాలు కూడా పటరూపంలో లభించాయి.

దారి ఆ తరువాత కూడా సాఫీగా సాగలేదు. 2016 మే నెలలో ప్రభుత్వం ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. దాని ప్రకారం భౌగోళిక సమాచారాన్ని సేకరించాలన్నా, ప్రచురించాలన్నా ముందుగా అనుమతి పొందాలి. ఉల్లంఘిస్తే వందకోట్ల రూపాయల వరకు జరిమానా, ఏడేళ్ళ వరకు జైలు. తమ ఊరి బడికి దారి గీసిన బాలుడు కూడా దోషి కావలసివస్తుందేమోనన్న విమర్శ వచ్చింది. ఆ బిల్లు చట్టం కాలేదు. మరుసటి సంవత్సరమే, 2017 ఏప్రిల్‌లో, సర్వే ఆఫ్ ఇండియా తన 250 సంవత్సరాల వేడుకల సందర్భంగా 'నక్షే' అనే వేదికను తెరచి, సార్వజనిక శ్రేణి పటాలను ఆధార్ సంఖ్య ఇచ్చినవారికి ఉచితంగా అందించడం ప్రారంభించింది. నిషేధానికీ ప్రదానానికీ నడుమ గడచినది ఒక్క ఏడాది. ఒకే ప్రభుత్వంలో రెండు ఆలోచనలు పక్కపక్కన నడిచాయన్నమాట.

2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకాలతో రెండవ ఆలోచన నెగ్గింది. భారతీయ సంస్థలు, వ్యక్తులు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతి అక్కరలేదని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రకటించింది. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్లు - ఈ పరిమితి కంటె సూక్ష్మమైన సమాచారాన్ని మాత్రం భారతీయ సంస్థలే సేకరించి దేశంలోనే భద్రపరచాలి. ప్రజాధనంతో సేకరించిన భౌగోళిక సమాచారం ప్రజలకు అందాలన్న సూత్రాన్ని 2022 డిసెంబరు 28న ప్రకటించిన జాతీయ భూప్రాదేశిక విధానం స్థిరపరచింది. 2030 నాటికి మైదాన ప్రాంతాల ఎత్తులను 25 సెంటీమీటర్ల నిశితత్వంతో నమోదు చేయాలని అది లక్ష్యంగా పెట్టుకొన్నది. ఇతర దేశాలు ఈ దారిలో మనకంటె ముందు నడిచాయి. అమెరికా తన లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నిధిని 2008లో ఉచితం చేసింది. పటాలను అమ్ముకొని ఆదాయం గడించే అలవాటున్న బ్రిటన్ సర్వే సంస్థ సైతం 2010లో కొన్ని పటాలను బహిరంగపరచింది.

ఈ చరిత్ర అంతా రామగిరి ప్రాంతపు మనిషికి ఏ విధంగా ఉపయోగపడుతుంది? సెంటినరీ కాలనీలో నివసించే ఒక విద్యార్థి 56 ఎన్/10 పటపు పాత ప్రతినీ, భువన్ చూపే ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకొన్నాడని అనుకొందాం. పాత పటంలో పలుచని కాంటూరు రేఖల నడుమ చెరువులు, వాటి కింద పొలాలు, బాటలు కలిసేచోట పల్లెలు ఉంటాయి. ఏడాది పొడుగునా నీరుండే చెరువు నీలంగా, ఎండిపోయే చెరువు నల్లని అంచుతో కనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో అదే చోట మెట్లుమెట్లుగా దిగిన ఓపెన్‌కాస్ట్ గని గుంత ఉంటుంది. దాని ఒడ్డున, బొగ్గు కోసం పైకి తీసిపోసిన మట్టి కొత్త గుట్టలుగా పేరుకొని ఉంటుంది. ఇవి రామగిరి కొండల పక్కన మనిషి కట్టిన కొండలు. ఆ విద్యార్థి వాటిని గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న తాతకు చూపిస్తే, ఆయన అద్దాలు సవరించుకొని తెర మీద వేలుపెట్టి, "ఇగో, ఈడనే మా చెరువుండె బిడ్డా, గీ కట్టమీదికెల్లే బడికి పోయేటోళ్ళం" అని చెప్పగలడు. తాతకు జ్ఞాపకం ఉంది, మనుమనికి పటం ఉంది. మొదటిదాన్ని ఏ కార్యాలయమూ సాక్ష్యంగా అంగీకరించదు. రెండవది తోడైతే ఆ మాటకు బలం వస్తుంది.

ఆ బలం అవసరమయ్యే సందర్భాలు ఇక్కడ కొల్లలు. కొత్త గని తవ్వాలన్నా, ఉన్నదానిని విస్తరించాలన్నా 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం బహిరంగ విచారణ జరపాలి. అందుకు తయారుచేసే నివేదికలో గని చుట్టూ పది కిలోమీటర్ల ప్రాంతాన్ని స్థలాకృతి పటం మీద గుర్తిస్తారు. వాగు ఎటు మళ్ళుతుంది, మట్టి ఎక్కడ పోస్తారు, ఏ ఊరు పేలుళ్ళకు ఎంత దూరంలో ఉంటుంది అనే విషయాలు ఆ పటంలోనే ఉంటాయి. విచారణ నాడు షామియానా కింద మైకు పట్టుకొన్న రైతు తన గోడును మాత్రమే చెప్పుకొంటే అది గోడుగానే నమోదవుతుంది. ఫలానా వాగు మళ్ళింపు వల్ల ఫలానా చెరువుకు నీరు ఆగిపోతుందని పటం చూపి అడిగితే అధికారి జవాబు చెప్పవలసివస్తుంది. దేశంలోని బొగ్గు భూముల సేకరణకు 1957లో చేసిన చట్టం కింద వెలువడే ప్రకటనలలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. సంబంధిత పటాన్ని ఫలానా కార్యాలయంలో పరిశీలించవచ్చునని దాని భావం. ఆ కార్యాలయం ఒక్కోసారి వందల కిలోమీటర్ల దూరాన ఉంటుంది. సొంత పొలం పటం చూడడానికి రెండు రైళ్ళు మారి పోగలిగిన రైతు ఎందరిలో ఒకడు?

అయితే బొగ్గుగనుల ప్రాంతంలో నేల మీది పటం ఒక్కటే సరిపోదు. నేల కింద మరొక ఊరుంది. దశాబ్దాల తరబడి తవ్విన సొరంగాలు, బొగ్గు తీసి వదిలేసిన ఖాళీలు, నీరు నిండిన పాత గనులు అక్కడ ఉన్నాయి. వాటి పటాన్ని గని ప్లాను అంటారు. దానిని గీసేవాడు గని సర్వేయరు. కార్మికుల ప్రాణాలు ఆయన గీత మీద ఆధారపడి ఉంటాయంటే అతిశయోక్తి కాదు. 1975 డిసెంబరు 27న నేటి ఝార్ఖండ్‌లోని చాస్‌నాలా గనిలోకి పాత తవ్వకాలలో నిలిచిన నీరు విరుచుకుపడి 370 మందికి పైగా మరణించారు. గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పేర్లు తలచుకోని కార్మికవాడ ఇక్కడ లేదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2002 జులై 24న జరిగిన సంఘటన పటం విలువను మరింత స్పష్టంగా చూపుతుంది. క్వీక్రీక్ అనే గనిలో కార్మికులు బొగ్గు తవ్వుతూ పోగా, ఎన్నడో మూతపడిన పొరుగు గని గోడ తెగి కోట్ల లీటర్ల నీరు లోపలికి వచ్చింది. పాత గని ఇంకా దూరంలో ఉన్నదని వారి వద్దనున్న పటం చెబుతున్నది. ఆ గనిలో చివరి దశలో జరిగిన తవ్వకాలు ఆ పటంలోకి ఎక్కనే లేదు. తొమ్మిదిమంది లోపల చిక్కుకొన్నారు. పైనుంచి గొట్టం దించి గాలి పంపి, వెడల్పైన రంధ్రం తొలిచి, 77 గంటల తరువాత తొమ్మిదిమందినీ సజీవంగా పైకి తీయగలిగారు. ఆ తరువాత ఆ రాష్ట్రం పాత గనుల పటాల సేకరణకు పూనుకొన్నది. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి అంతర్జాలంలో ఉంచింది. అక్కడ ఇల్లు కొనదలచినవాడు తన ఇంటి కింద సొరంగం ఉన్నదో లేదో ఇంట్లో కూర్చొని చూసుకోవచ్చు.

మన దేశంలో గని మూతపడినప్పుడు దాని ప్లానును గనుల భద్రతా డైరెక్టరేట్‌కు సమర్పించాలన్న నియమం ఉంది. బొగ్గు, ఇతర ఖనిజాల అన్వేషణకు సంబంధించిన భూవిజ్ఞాన పటాలు 'భూకోశ్' అనే వేదికలోనూ, 2023 డిసెంబరులో ప్రారంభమైన జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధిలోనూ అందరికీ లభిస్తున్నాయి. అంటే నేల కింద ఏ ఖనిజం ఉండగలదో తెలుసుకోవడం నేడు సులభం. అది పెట్టుబడి పెట్టేవారికి కావలసిన సమాచారం. నేల కింద ఏమి తవ్వేశారో తెలుసుకోవడం మాత్రం అంత సులభం కాదు. అది ఆ నేల మీద ఇల్లు కట్టుకొన్నవారికి కావలసిన సమాచారం. ఈ రెండింటిలో మొదటిదానికే ముందు తలుపు తెరుచుకోవడం ఆలోచించవలసిన విషయం. నడుస్తున్న గనిలోని మందుగుండు గదులు, విద్యుత్ కేంద్రాల లోపలి వివరాలు గోప్యంగా ఉండడం న్యాయమే. మూతపడిన బొగ్గుబాయి విషయంలో అదే న్యాయం చెల్లదు.

అందిన పటాన్ని చదవడంలోనూ కొన్ని మెలకువలు కావాలి. యాభైవేలకు ఒకటి ప్రమాణం గల పటం మీద అర మిల్లీమీటరు మందం గల గీత నేల మీద 25 మీటర్ల వెడల్పుతో సమానం. అటువంటి పటాన్ని చూపి పొలం గట్టు తగాదాను తీర్చబోవడం తెలివితక్కువ. గట్టు తేల్చేది రెవెన్యూ శాఖ వారి గ్రామ నక్షా, సర్వేనంబరు వారీగా కొలతలు రాసిన టీపన్. తెలంగాణలో వీటికి మూలం నిజాం కాలపు సర్వే. ఎకరాలు, గుంటల లెక్కతో వచ్చే భూసేకరణ నోటీసును ఆ నక్షాతో సరిచూసుకోవాలి. ఉపగ్రహ చిత్రం విషయంలో అది తీసిన తేదీని మొదట చూడాలి. వేసవిలో తీసిన చిత్రంలో బీడుగా కనిపించిన నేల వానాకాలంలో వరిమడి కావచ్చు. ఒక్క చిత్రం ఆధారంగా ఆ నేలను బంజరు అని రాసేస్తే నష్టపోయేది రైతు.

పటానికి ఎక్కని విషయాలు కూడా ఉన్నాయి. రామగిరి గుట్టలు ఓషధులకు ప్రసిద్ధి. శ్రావణమాసంలో ఆయుర్వేద వైద్యులు, వృక్షశాస్త్ర విద్యార్థులు, వనమూలికల కోసం వచ్చే పల్లెవాసులు ఖిల్లా దారి పడతారు. ఆ కాలిబాట పటంలో ఒక చుక్కల గీతగా కనిపిస్తుంది. ఏ మలుపు దగ్గర ఏ మొక్క దొరుకుతుందో, ఏ దొనలో వేసవిలో కూడా నీరు ఆరదో మాత్రం ఆ దారిలో నడిచేవారికే తెలుసు. ప్రజలే కలిసి గీసుకొనే పటాలు కొన్ని, 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటివి, ఇటువంటి వివరాలను చేర్చుకొనే అవకాశం ఇస్తున్నాయి. కొండ మీది కోటగోడలూ, బురుజులూ, కోనేరూ అక్షాంశ రేఖాంశాలతో సహా వాటిలో నమోదు చేయడానికి ఒక సెల్‌ఫోను, రెండు పూటల నడక చాలు. ఓషధి మొక్కల చోట్ల విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. వాటి జాడ పదిమందికీ తెలిస్తే మరుసటి శ్రావణానికి అక్కడ వేరు కూడా మిగలకపోవచ్చునని గుట్ట ఎక్కే వైద్యులు చెబుతారు.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. దేశపటాలు పౌరులకు అందుబాటులోకి వచ్చిన క్రమాన్ని 2005 నుంచి 2022 వరకు వివరించండి.
2. బొగ్గుగనుల ప్రాంతంలో నేల మీది పటం, నేల కింది పటం - ఈ రెండింటి అవసరాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పేరు ఒక్కటే స్థలాన్ని గుర్తించడానికి ఎందుకు చాలదు?
2. క్వీక్రీక్ గని ప్రమాదానికి పటంలోని ఏ లోపం కారణమైంది?
3. పొలం గట్టు తగాదాకు స్థలాకృతి పటం ఎందుకు పనికిరాదు?

ప్రాజెక్టు పని
మీ ఊరి అక్షాంశ రేఖాంశాలను తెలుసుకొని, అది ఏ సంఖ్య గల స్థలాకృతి పటంలోకి వస్తుందో లెక్కకట్టండి. ఆ పటాన్ని మీ ఇంటిలోని పెద్దలకు చూపి, దానిలో ఉండి నేడు కనిపించని చెరువులు, బావులు, బాటలు, పల్లెల జాబితాను వారి మాటలలోనే రాయండి.